నగర బస్సు సర్వీసు: ప్రణాళిక, నిర్వహణ

నిర్ణీత దారిలో, నిర్ణీత వేళల్లో, టికెట్టు తీసుకున్న ఎవరినైనా ఎక్కించుకుని నగరం లోపలా దాని శివార్లలోనూ తిరిగే బస్సుల ఏర్పాటును నగర బస్సు సర్వీసు అంటారు. వాడుకలో సిటీ బస్సు. దూరప్రాంతాల బస్సుకూ దీనికీ ప్రధానమైన తేడా ప్రయాణ స్వభావంలో ఉంది. హైదరాబాద్ నుంచి తిరుపతి వెళ్లేవారు ముందే సీటు రిజర్వు చేసుకుని, బస్సు టైముకు బస్టాండుకు చేరుకుంటారు. మెహిదీపట్నం నుంచి లక్డీకాపూల్ వెళ్లేవారు అప్పటికప్పుడు బయల్దేరి స్టాపులో నిలబడతారు. అందుకే దూరప్రాంత సర్వీసుకు పనికొచ్చే లెక్కలు చాలావరకు సిటీ బస్సుకు పనికిరావు.

సిటీ బస్సుల మీద జరిగే చర్చ ఎక్కువగా రెండు అంకెల చుట్టూ తిరుగుతుంది: ఎన్ని బస్సులు కొన్నారు, ఎంత నష్టం వచ్చింది. ప్రయాణికుడికి అన్నిటికన్నా ముఖ్యమైనది వీటిలో లేదు. స్టాపులో ఎంతసేపు నిలబడాలి అన్నదే అతని లెక్క. ఆ నిరీక్షణను తగ్గించడమే బస్సు ప్రణాళికలో అసలు పని. అది డిపో ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు. రోడ్డు, సిగ్నలు, స్టాపు ఎవరి చేతుల్లో ఉన్నాయో వాళ్లంతా, తెలిసో తెలియకో, బస్సు నడపడంలో భాగస్వాములే. హైదరాబాద్ సిటీ బస్సును ప్రధాన ఉదాహరణగా తీసుకుని ఈ విషయాన్ని పరిశీలించవచ్చు.

చరిత్ర

ఎవరైనా ఎక్కగలిగే నగర వాహనం అనే ఆలోచన మోటారు కన్నా చాలా పాతది. ఫ్రెంచి గణితవేత్త బ్లేజ్ పాస్కల్ ప్రోద్బలంతో 1662లో పారిస్‌లో గుర్రపు బండ్ల సర్వీసు మొదలైంది. ఛార్జీ ఐదు సోలులు. బండి నిండినా నిండకపోయినా వేళకు బయల్దేరాలన్నది దాని నియమం. ఆ సర్వీసు కొన్నేళ్లకే ఆగిపోయినా ఆ నియమం మాత్రం నేటికీ బస్సు సర్వీసుకు పునాదిగా నిలిచింది. నిండితేనే కదిలే షేర్ ఆటోకూ టైముకు కదిలే బస్సుకూ ఉన్న తేడా అదే. 1826లో ఫ్రాన్స్‌లోని నాంత్ పట్టణంలో, 1829లో లండన్‌లో ఇలాంటి గుర్రపు బస్సులు మళ్లీ వచ్చి ఈసారి స్థిరపడ్డాయి. మన దేశంలో బొంబాయి వీధుల్లో మోటారు బస్సు 1926 జులై 15న మొదలైంది.

హైదరాబాద్ రాజ్యంలో 1932 జూన్‌లో నిజాం రైల్వేకు అనుబంధంగా రోడ్డు రవాణా శాఖ ఏర్పడింది. 27 బస్సులు, 166 మంది ఉద్యోగులతో అది మొదలైంది. రైలూ బస్సూ ఒకే యాజమాన్యం కింద ఉండడం దాని ప్రత్యేకత. ఈ రెంటినీ మళ్లీ ఒక ప్రణాళిక కిందకు తేవడానికి తొంభై ఏళ్ల తర్వాత కూడా నగరాలు తంటాలు పడుతున్నాయంటే ఆనాటి ఏర్పాటు ఎంత దూరదృష్టి గలదో అర్థమవుతుంది. ఆర్టీసీ బస్సుల నంబరు ప్లేట్ల మీద చాలాకాలం కనిపించిన ‘జడ్’ అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద వచ్చిందని చెబుతారు.

రోడ్డు రవాణా సంస్థల చట్టం 1950 కింద 1958 జనవరి 11న ఏపీఎస్‌ఆర్టీసీ ఏర్పడింది. గౌలిగూడలో విమానాల హ్యాంగర్‌గా పనికొచ్చే ఇనుప కట్టడం దశాబ్దాల పాటు నగరానికి సెంట్రల్ బస్ స్టేషన్‌గా ఉంది. 1994లో మూసీ మధ్యన ఇమ్లీబన్‌లో మహాత్మాగాంధీ బస్ స్టేషన్ వచ్చాక దూరప్రాంత సర్వీసులు అక్కడికి మారాయి. పాత హ్యాంగర్ 2018 జులైలో కూలిపోయింది. సికింద్రాబాద్, అఫ్జల్‌గంజ్ మధ్య తిరిగిన డబుల్ డెక్కర్లు 2000 దశకం తొలినాళ్లలో కనుమరుగయ్యాయి. 2023లో హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) కొన్ని విద్యుత్ డబుల్ డెక్కర్లను తెచ్చింది కానీ వాటిది విహారయాత్ర పాత్రే. రోజువారీ రద్దీ మోసే పాత డెక్కర్ల స్థానాన్ని అవి తీసుకోలేదు.

రాష్ట్ర విభజన తర్వాత 2015 జూన్‌లో తెలంగాణ ఆర్టీసీ విడిగా పనిచేయడం మొదలుపెట్టింది. 2019 అక్టోబర్ 5న మొదలైన కార్మికుల సమ్మె యాభై రోజులకు పైగా సాగింది. ఆ తర్వాత హైదరాబాద్‌లో దాదాపు వెయ్యి సిటీ బస్సులను నష్టాల పేరుతో తగ్గించారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ ఉద్యోగులు ప్రభుత్వ ప్రజారవాణా శాఖ ఉద్యోగులయ్యారు.

నిరీక్షణ లెక్క

ఒక రూటులో రెండు బస్సుల మధ్య ఉండే వ్యవధిని బట్టి ప్రయాణికుడి నిరీక్షణ ఉంటుంది. పది నిమిషాలకో బస్సు క్రమం తప్పకుండా వస్తే, ఎప్పుడు పడితే అప్పుడు స్టాపుకు వచ్చినవాళ్లు సగటున ఐదు నిమిషాలు ఆగుతారు. ఈ స్థాయిలో సర్వీసు ఉంటే టైంటేబుల్ చూడాల్సిన అవసరమే ఉండదు. వ్యవధి ఇరవై నిమిషాలు దాటితే జనం టైము కనుక్కుని బయల్దేరడమో, వేరే దారి వెతుక్కోవడమో చేస్తారు. కేంద్ర పట్టణాభివృద్ధి మంత్రిత్వ శాఖ నగర రవాణాకు పెట్టిన సేవా ప్రమాణాల్లో సగటు నిరీక్షణ 4 నిమిషాల లోపు ఉంటే మేలైన స్థాయి. 10 నిమిషాలు దాటితే అట్టడుగు స్థాయి. అదే పత్రం వెయ్యి జనాభాకు 0.6 బస్సు ఉంటే మంచి స్థాయి అంటుంది. కోటి జనాభాకు ఆ లెక్కన 6 వేల బస్సులు కావాలి. హైదరాబాద్‌లో జనాభా కోటి దాటింది, తిరిగే సిటీ బస్సులు మూడు వేలకు అటూ ఇటూ ఉంటున్నాయి.

బస్సులు చాలవన్నది నిజమే. ఉన్న బస్సులు ఎంత పని చేయగలుగుతున్నాయన్నది అంతకన్నా తక్కువగా పట్టించుకున్న విషయం. పదిహేను కిలోమీటర్ల రూటు ఒకటి తీసుకుందాం. బస్సు సగటున గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోతే ఒక ట్రిప్పుకు 45 నిమిషాలు. రానూపోనూ 90, రెండు చివర్లా ఐదేసి నిమిషాల విరామం కలిపితే 100 నిమిషాలు. ఈ రూటులో పది బస్సులు వేస్తే పది నిమిషాలకొకటి నడపవచ్చు. ఇప్పుడు ట్రాఫిక్ పెరిగి వేగం 12 కిలోమీటర్లకు పడిపోయిందనుకుందాం. ట్రిప్పుకు 75 నిమిషాలు, విరామంతో కలిపి రౌండుకు 160. అవే పది బస్సులతో ఇక 16 నిమిషాలకొకటి మాత్రమే వస్తుంది. పాత వ్యవధి నిలబెట్టాలంటే పదహారు బస్సులు కావాలి. అదనంగా వచ్చిన ఆరు బస్సులకు రెండు షిఫ్టుల్లో 12 మంది డ్రైవర్లు, 12 మంది కండక్టర్లు, వారపు సెలవులకు మరికొందరు కావాలి. ఇంత ఖర్చు పెట్టినా ప్రయాణికుడికి కొత్తగా దక్కేది ఏమీ లేదు; నిన్న ఉన్న సర్వీసే ఇవాళా ఉంటుంది, పైగా బస్సులో అరగంట ఎక్కువ కూర్చోవాలి.

ప్రణాళికాకర్తలు ముందుగా గుర్తుంచుకోవలసిన లెక్క ఇదే. రోడ్డు మీద బస్సు వేగం పెంచే ప్రతి చర్యా డిపోకు కొత్త బస్సులిచ్చినంత పని చేస్తుంది. ఒక కూడలిలో రెండు నిమిషాలు కలిసొచ్చినా ఆ దారిన పోయే అన్ని రూట్లలో, రోజంతా ఆ రెండు నిమిషాలు మిగులుతాయి.

ఒకదాని వెనక ఒకటి

అరగంట దాకా ఒక్క బస్సూ రాదు, వస్తే మూడు ఒకేసారి వస్తాయి. సిటీ బస్సు ఎక్కే అందరికీ ఇది అనుభవమే. డ్రైవర్లు కావాలని కూడబలుక్కుని వస్తారని చాలామంది అనుకుంటారు. అసలు కారణం వేరు. న్యూవెల్, పాట్స్ అనే శాస్త్రవేత్తలు 1964లోనే దీన్ని గణితంతో వివరించారు.

ముందు పోయే బస్సుకు ఒక సిగ్నల్ దగ్గర రెండు నిమిషాలు ఆలస్యమైందనుకుందాం. ఆ రెండు నిమిషాల్లో తర్వాతి స్టాపులో మరికొందరు చేరతారు. వాళ్లను ఎక్కించుకునేసరికి ఇంకాస్త ఆలస్యం. ఆ పై స్టాపులో జనం ఇంకా ఎక్కువ. ఫుట్‌బోర్డు దాకా నిండిన బస్సులో కండక్టరు టికెట్లు పూర్తయ్యేదాకా ఆపమనాల్సి వస్తుంది. వెనక వచ్చే బస్సుకు స్టాపుల్లో జనం తక్కువ కాబట్టి అది త్వరత్వరగా కదిలి ముందున్నదాన్ని అందుకుంటుంది. చిన్న ఆలస్యం తనంత తాను పెరుగుతుందే తప్ప తగ్గదు. రూటు పొడవు పెరిగేకొద్దీ ఇది ముదురుతుంది. పటాన్‌చెరు నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా నగరాన్ని అడ్డంగా కోసుకుపోయే 218డి వంటి రూట్లలో ఒక చివర పుట్టిన ఆలస్యం రెండో చివర దాకా అందరి మీదా పడుతుంది.

దీనివల్ల జరిగే నష్టం సగటు లెక్కల్లో దాగిపోతుంది. గంటకు ఆరు బస్సులు సమానంగా వస్తే సగటు నిరీక్షణ 5 నిమిషాలు. అవే ఆరూ జతలు జతలుగా వస్తే 10 నిమిషాలు. మూడేసి చొప్పున వస్తే 15. డిపో రికార్డులో మాత్రం మూడు సందర్భాల్లోనూ ఆరు ట్రిప్పులూ నడిచినట్టే ఉంటుంది, షెడ్యూలు నూటికి నూరు పాళ్లు పూర్తయినట్టే.

దీనికి మందు ఉంది. రూటు మధ్యలో ఒకటి రెండు చోట్ల కంట్రోలరు బస్సును నిలిపి వ్యవధి సరిచేయడం, టెర్మినళ్లలో విరామానికి తగినంత సమయం కేటాయించి ఆలస్యం తర్వాతి ట్రిప్పుకు పాకకుండా చూడడం, పొడవాటి రూటును రెండుగా విడగొట్టడం. బస్సుల్లో జీపీఎస్ వచ్చాక ఈ పని తేలికైంది. తెలంగాణ ఆర్టీసీ 2023 ఆగస్టులో బస్సు ఎక్కడుందో చూపే ‘గమ్యం’ యాప్ తెచ్చింది. ప్రయాణికుడికి బస్సు చూపించడం దీనివల్ల కలిగే మేలులో సగమే. అదే సమాచారంతో కంట్రోల్ రూములో కూర్చున్నవాళ్లు బస్సుల మధ్య ఎడం సరిదిద్దగలిగితే మిగతా సగం కూడా అందుతుంది.

ఓఆర్ చుట్టూ తిరిగే ప్రణాళిక

ఆర్టీసీ డిపోల్లో ఎక్కువగా వినిపించే మాట ఓఆర్, అంటే ఆక్యుపెన్సీ రేషియో. బస్సు అందించిన సీట్లలో ఎంత శాతం నిండిందో చెప్పే కొలత ఇది. దానికి తోడు ఈపీకే, అంటే కిలోమీటరుకు వచ్చిన రాబడి. డిపో మేనేజర్ పనితీరును, ఒక రూటు ఉండాలా పోవాలా అన్నదాన్ని ఎక్కువగా ఈ రెండే తేలుస్తాయి. దూరప్రాంత సర్వీసుకు ఇవి సరైన కొలతలే. సిటీ సర్వీసును మాత్రం ఇవి తప్పుదారి పట్టిస్తాయి.

ఓఆర్ పెంచడానికి అన్నిటికన్నా సులువైన మార్గం ట్రిప్పులు తగ్గించడం. గంటకు ఆరున్నచోట నాలుగు నడిపితే ఆ నాలుగూ కిక్కిరిసిపోతాయి, ఓఆర్ అమాంతం పెరుగుతుంది. కొన్ని నెలలు గడిచాక, నిలబడి విసిగినవారు షేర్ ఆటోకో, వాయిదాల మీద కొన్న స్కూటీకో మారిపోతారు. ఓఆర్ మళ్లీ పడుతుంది, మళ్లీ ట్రిప్పులు కోస్తారు. ఇలా కొన్ని విడతల తర్వాత ఆ రూటులో జనమే లేరని నివేదిక వస్తుంది. జనం లేకపోవడం కారణం కాదు, ఫలితం.

టికెట్టు యంత్రం, అంటే టిమ్, వచ్చాక ఎవరు ఏ స్టేజీలో ఎక్కి ఏ స్టేజీ దాకా టికెట్టు తీసుకున్నారో లెక్క రోజూ అందుతోంది. ఇది బంగారం లాంటి సమాచారం. అయితే అందులో ఒక పెద్ద లోటుంది. ఎక్కినవారిని మాత్రమే అది లెక్కిస్తుంది. సాయంత్రం ఆరున్నరకు బస్సు ఆగకుండా వెళ్లిపోతే స్టాపులో మిగిలిపోయినవారు, రెండు బస్సులు వదిలేసి ఆటో ఎక్కినవారు, రాత్రి తొమ్మిది తర్వాత బస్సు ఉండదని ఉద్యోగమే మానుకున్నవారు ఏ యంత్రంలోనూ కనబడరు. అందుకే ఏడాదికి ఒకసారైనా స్టాపుల్లో మనుషులు నిలబడి చేసే సర్వే, ఆ ప్రాంతంలో షేర్ ఆటోలు ఏయే దారుల్లో తిరుగుతున్నాయో చూసే పరిశీలన తప్పనిసరి. షేర్ ఆటోలు బారులు తీరిన కూడలి ఏదైనా అక్కడ ఒక బస్సు రూటు లోపించిందని చెబుతున్నట్టే.

ట్రిప్పులు కోసేకొద్దీ జనం తగ్గే ఈ వరుసను తిరగేస్తే వచ్చే సూత్రం కూడా ఉంది. ప్రయాణికులు పెరిగితే బస్సులు పెంచవచ్చు, బస్సులు పెరిగితే నిరీక్షణ తగ్గుతుంది, దానితో మరింత మంది వస్తారు. అమెరికా ఆర్థికవేత్త హెర్బర్ట్ మోరింగ్ 1972లో ఈ లాభాన్ని లెక్కగట్టి చూపాడు. నగర బస్సుకు ప్రభుత్వం డబ్బు పెట్టడం దయాధర్మం కాదనడానికి ఆర్థికశాస్త్రంలో ఉన్న బలమైన వాదనల్లో ఇదొకటి.

రూట్ల అల్లిక

నగరమంతటా రూట్లు పరిచే పద్ధతులు ప్రధానంగా రెండు. ప్రతి కాలనీ నుంచీ ప్రతి ముఖ్య కేంద్రానికీ మారకుండా నేరుగా వెళ్లే బస్సు ఇవ్వడం ఒకటి. కొద్ది ముఖ్యమైన దారుల్లో చాలా తరచుగా బస్సులు నడిపి, అవసరమైనచోట దిగి మారమనడం రెండోది. మొదటిది వినడానికి బాగుంటుంది. శాసనసభ్యులకూ కార్పొరేటర్లకూ అందే వినతుల్లో ఎక్కువ భాగం మా కాలనీకి డైరెక్ట్ బస్సు వేయించమనే ఉంటాయి. అలా పెరుగుతూ పోయినదే హైదరాబాద్ రూట్ల జాబితా. 127కె, 10హెచ్, 49ఎం, 113ఎం అంటూ ఒక్కో నంబరుకు అక్షరాల తోకలు చేరి వందల రూట్లయ్యాయి. పాత నగరవాసులకు ఇవి కంఠతా వచ్చు. నిన్ననే వచ్చిన మనిషికి ఏ బోర్డూ అర్థం కాదు. అంతకన్నా పెద్ద చిక్కు, ఉన్న బస్సులను వందల రూట్ల మీద పంచితే చాలా రూట్లకు గంటకు ఒకటో రెండో మిగులుతాయి.

మారే పద్ధతికి జనం భయపడడంలో తప్పులేదు. మారిన ప్రతిసారీ మళ్లీ నిరీక్షణ, మళ్లీ టికెట్టు, మళ్లీ రోడ్డు దాటడం. సికింద్రాబాద్ దీనికి కళ్లెదుట కనిపించే ఉదాహరణ. రైల్వే స్టేషన్ చుట్టూ రేతిఫైల్, గురుద్వారా, చిలకలగూడ క్రాస్‌రోడ్స్ అంటూ స్టాపులు చెల్లాచెదురుగా ఉంటాయి. ఉప్పల్ వైపు నుంచి వచ్చి మెహిదీపట్నం వైపు పోవలసిన మనిషి, చేతిలో సంచులతో, ఫుట్‌పాత్ లేని రోడ్ల మీద ఒక మలుపు నుంచి మరో మలుపుకు నడవాలి. దిగిన బస్సుకూ ఎక్కాల్సిన బస్సుకూ మధ్య దూరం వంద అడుగులు దాటకూడదనీ, ఎండావానల నుంచి నీడ ఉండాలనీ నియమం పెట్టుకుని ఆ ప్రాంతాన్ని తిరిగి కడితే నగరం సగానికి మేలు జరుగుతుంది.

సియోల్ నగరం 2004 జులై 1న ఒక్కసారిగా రూట్లన్నీ మార్చింది. నగరాన్ని దాటే పొడవైన రూట్లకు నీలం, సబ్‌వే స్టేషన్లకు చేర్చే చిన్న రూట్లకు ఆకుపచ్చ, శివార్లకు ఎరుపు, నగర కేంద్రంలో చుట్టే బస్సులకు పసుపు రంగు వేశారు. ఒక కార్డుతో బస్సూ రైలూ మారినా మొత్తం దూరానికే ఛార్జీ. రూట్లు నిర్ణయించే అధికారం ప్రైవేటు కంపెనీల నుంచి నగరపాలనకు వచ్చింది, కంపెనీలకు తిరిగిన కిలోమీటర్లను బట్టి డబ్బు చెల్లించారు. మొదటి కొన్ని వారాలు గందరగోళం చెలరేగింది. తర్వాత అది ప్రపంచం చూసి నేర్చుకునే నమూనాగా నిలిచింది. అమెరికాలోని హ్యూస్టన్ 2015 ఆగస్టులో నిర్వహణ ఖర్చు పెద్దగా పెంచకుండానే రూట్లన్నిటినీ తిరగరాసి, తరచుగా తిరిగే దారులను గడుల అల్లికగా మార్చింది. ప్రణాళిక నిపుణుడు జారెట్ వాకర్ ఇలాంటి సందర్భాల్లో నగరపాలకుల ముందు పెట్టే ప్రశ్న ఒకటే: మీ బడ్జెట్‌లో ఎంత భాగం ఎక్కువ మందిని ఎక్కించుకోవడానికి, ఎంత భాగం ఏ వాడా మిగలకుండా చేరడానికి? రెండూ మంచి లక్ష్యాలే. ఒకే బస్సు రెంటినీ సాధించలేదు కాబట్టి ఆ వాటాను బాహాటంగా నిర్ణయించుకోవాలి.

హైదరాబాద్ మెట్రో 2017 నవంబర్‌లో మొదలై 2020 ఫిబ్రవరి నాటికి మూడు కారిడార్లలో 69 కిలోమీటర్లకు చేరింది. 2003 నుంచి ఎంఎంటీఎస్ రైళ్లున్నాయి. ఈ రెండు పట్టాల దారులకూ కాలనీలను కలిపే చిన్న బస్సులు ఐదు, పది నిమిషాలకు ఒకటి తిరగకపోతే స్టేషనుకు కిలోమీటరు అవతల ఉన్నవారికి మెట్రో ఉన్నా లేనట్టే. మారినప్పుడల్లా కొత్త టికెట్టు కొనాల్సిన బాధను ఆర్టీసీ రోజంతా చెల్లే టికెట్లతో కొంత తగ్గించింది. ఒకప్పుడు ‘ట్రావెల్ యాజ్ యు లైక్’గా, తర్వాత టీ-24గా నగరవాసులకు పరిచయమైన ఆ టికెట్టు నిజానికి చాలా మంచి ప్రణాళికా సాధనం. అది మెట్రోలోనూ చెల్లితే దాని విలువ రెట్టింపవుతుంది.

రోడ్డు మీద చోటు

సిగ్నళ్లున్న నగర రోడ్డులో ఒక వరుస, అంటే లేన్, గంటకు వెయ్యి కార్లను పంపడమే గొప్ప. కారుకు సగటున ఇద్దరు కూడా ఉండరు కాబట్టి రెండు వేల మంది దాటరు. అదే వరుసలో నిమిషానికో బస్సు, బస్సుకు 60 మంది చొప్పున పోతే గంటకు 3,600 మంది. ఈ లెక్క ఎవరూ కాదనలేరు. ఆ వరుసను బస్సుకు కేటాయించే ధైర్యమే అరుదు.

బ్రెజిల్‌లోని కురిచీబా 1974లో, కొలంబియా రాజధాని బొగోటా 2000లో బస్సులకు ప్రత్యేక దారులిచ్చి పేరు తెచ్చుకున్నాయి. మన దేశంలో అహ్మదాబాద్ జన్‌మార్గ్ 2009లో మొదలై నిలదొక్కుకుంది. ఢిల్లీలో 2008లో తెరిచిన కారిడార్‌ను కార్ల యజమానుల నిరసనల మధ్య 2016 నాటికి తొలగించారు. బెంగళూరు 2019లో ఔటర్ రింగ్ రోడ్డుపై సిల్క్ బోర్డు వైపు బస్సులకు ఒక వరుస కేటాయించింది. మెట్రో పనులు వచ్చాక అది నిలవలేదు. విశాఖపట్నంలో జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం నిధులతో పెందుర్తి, సింహాచలం దారుల్లో బీఆర్‌టీఎస్, అంటే బస్సులకు ప్రత్యేక దారి ఏర్పాటు, తలపెట్టారు. సింహాచలం దారి భూముల చిక్కులతో ఏళ్ల తరబడి సాగింది. విజయవాడలో బీఆర్‌టీఎస్ రోడ్డు అన్న పేరు జనం నోళ్లలో స్థిరపడింది, బస్సు వరుస మాత్రం స్థిరపడలేదు. ఈ అనుభవాలన్నిటిలో ఉమ్మడిగా కనిపించే లోపం ఒకటుంది. రోడ్డు కట్టడానికి డబ్బు దొరికింది. ఆ వరుసలో తగినన్ని బస్సులు నడపడానికి, ఇతర వాహనాలను రాకుండా ఆపడానికి రోజువారీ ఏర్పాటు జరగలేదు. బస్సులు కనబడని బస్సు వరుసను ఏ నగరమూ ఎక్కువకాలం ఖాళీగా వదలదు.

నగరమంతా కారిడార్లు కట్టనక్కరలేదు. బస్సు ఎక్కువసేపు చిక్కుకునే చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. కూడలికి ముందు వంద మీటర్ల మేర బస్సుకు వరుస ఇచ్చినా, స్టాపును సిగ్నల్‌కు సరిగ్గా ముందు నుంచి అవతలికి జరిపినా సమయం కలిసొస్తుంది. అమీర్‌పేట లాంటి కూడళ్లలో సాయంత్రం జరిగేది చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. స్టాపు ఉండాల్సిన చోట ఆటోలు ఆగుతాయి, ఆటోల పక్కన తోపుడు బండ్లు. బస్సు రోడ్డు మధ్యలోనే ఆగుతుంది. జనం రెండు వరుసల వాహనాల మధ్య నుంచి పరుగెత్తి ఎక్కుతారు. చీర కట్టుకున్న పెద్దావిడో, కర్ర పట్టుకున్న ముసలాయనో ఆ పరుగులో వెనకబడిపోతారు. వెనకున్న వాహనాలన్నీ బస్సు వల్లే ట్రాఫిక్ ఆగిందని హారన్ కొడతాయి. స్టాపును ఖాళీగా ఉంచడం ట్రాఫిక్ పోలీసు పని, షెల్టరు జరపడం కార్పొరేషన్ పని. మాట పడేది డ్రైవరు.

బస్సు నిర్మాణం కూడా వేగాన్ని నిర్ణయిస్తుంది. కేంద్రం 2008లో ప్రకటించిన అర్బన్ బస్ స్పెసిఫికేషన్లు 400, 650, 900 మిల్లీమీటర్ల నేల ఎత్తులను పేర్కొన్నాయి. లారీ చాసిస్ మీద కట్టిన పాత తరహా బస్సులో మెట్లు నిటారుగా ఉంటాయి. ఒక్కొక్కరు ఎక్కడానికి పట్టే ఒకటి రెండు సెకన్లు రోజంతా కలిపితే ట్రిప్పులనే మింగేస్తాయి. వృద్ధులకూ వికలాంగులకూ అవి సెకన్ల సమస్య కాదు, ఎక్కగలరా లేదా అన్న సమస్య.

ఛార్జీలు, ఉచిత ప్రయాణం

ఢిల్లీ, తమిళనాడు, కర్ణాటక తర్వాత తెలంగాణ 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకంతో మహిళలకు, ట్రాన్స్‌జెండర్లకు ఉచిత బస్సు ప్రయాణం ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పథకం 2025 ఆగస్టు 15న మొదలైంది. అక్కడ పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సులకు అది వర్తిస్తుంది. కండక్టరు జీరో టికెట్టు ఇస్తారు, దాని విలువను ప్రభుత్వం ఆర్టీసీకి చెల్లించాలి.

పథకం రాగానే బస్సులు నిండిపోయాయి. దీన్ని భారంగా చూసేవారు చాలామంది. ప్రణాళిక దృష్టితో చూస్తే, అన్నాళ్లూ ఛార్జీ భరించలేక ఆగిపోయిన ప్రయాణాలు ఎన్నున్నాయో మొదటిసారి బయటపడింది. ఇళ్లలో పనిచేసేవాళ్లు, బట్టల షాపుల్లో నిలబడి పనిచేసే అమ్మాయిలు, నిమ్స్ ఆసుపత్రికో ఉస్మానియా ఆసుపత్రికో వైద్య పరీక్షలకు వచ్చేవాళ్లు ఆ లెక్కలో ఉన్నారు. టికెట్టు ధర తీసేసి బస్సుల సంఖ్య అలాగే ఉంచితే మాత్రం ధర డబ్బు రూపం వదిలి నిరీక్షణ రూపంలో, తొక్కిసలాట రూపంలో తిరిగి వస్తుంది. ఉచిత ప్రయాణానికి అయ్యే ఖర్చులోనే అదనపు బస్సుల ఖర్చునూ కలిపి లెక్కకట్టడం న్యాయం.

పల్లెవెలుగు

పల్లెవెలుగు పేరుతో ఊళ్లకు తిరిగే ఆర్టీసీ బస్సుకు పై సూత్రాలు నేరుగా అతకవు. రోజుకు మూడు ట్రిప్పులున్న ఊళ్లో ఫ్రీక్వెన్సీ మాట ఎత్తి లాభం లేదు. అక్కడ కావలసింది నమ్మకం: ఉదయం బడి గంటకు ముందు మండల కేంద్రం చేరుతుందా, కాలేజీ వదిలాక తిరిగి తీసుకొస్తుందా, ఆసుపత్రి ఓపీ వేళకు అందుతుందా. ఆర్టీసీలో పాతకాలం నుంచీ ఉన్న నైట్ హాల్ట్ పద్ధతి ఈ అవసరాన్ని గుర్తెరిగి పుట్టింది. రాత్రి చివరి ట్రిప్పు బస్సు ఊళ్లోనే ఆగిపోతుంది. డ్రైవరు, కండక్టరు అక్కడే పడుకుని తెల్లవారుజామున మొదటి ట్రిప్పు తీస్తారు. పాలక్యాన్లు, కూరగాయల మూటలు, ఇంటర్ పిల్లలు ఆ బస్సులోనే పట్నం చేరతారు. ఓఆర్ చూసి నైట్ హాల్ట్ ఎత్తేస్తే మొదట ఆగిపోయేది ఆడపిల్ల చదువు అని ఏ ఊరి హెడ్మాస్టరైనా చెబుతారు. జనాన్ని ఎక్కువగా ఎక్కించుకోవడం ఈ సర్వీసు ఉద్దేశం కాదు, కాబట్టి ఆ కొలతతో దాన్ని కొలవకూడదు. దానికి డబ్బు విద్య, వైద్య పద్దుల నుంచి వచ్చినా తప్పులేదు.

పాలన, నిధులు, విద్యుత్ బస్సులు

హైదరాబాద్‌లో బస్సు ఆర్టీసీది. రోడ్డు కార్పొరేషన్‌దో, ఆర్ అండ్ బీదో, జాతీయ రహదారుల సంస్థదో. సిగ్నలు పోలీసులది. ఎంఎంటీఎస్ దక్షిణ మధ్య రైల్వేది. కొత్త లేఅవుట్లకు అనుమతి హెచ్‌ఎండీఏది. బస్సు తిరగడానికి వీల్లేని సందులతో కాలనీ వెలిశాక బస్సు అడుగుతారు. వీటన్నిటినీ ఒక బల్ల దగ్గరికి చేర్చేందుకు జాతీయ పట్టణ రవాణా విధానం 2006 ఏకీకృత మహానగర రవాణా సంస్థలు పెట్టమంది. 2017 నాటి మెట్రో రైలు విధానం అదే మాటను మళ్లీ గట్టిగా చెప్పింది. హైదరాబాద్‌కు ఉమ్టా పేరుతో అలాంటి సంస్థ ఏర్పడింది. దానికి సొంత నిధులు, తన మాట చెల్లించుకునే అధికారం ఉన్నప్పుడే అది పనిచేస్తుంది. లేకుంటే సమావేశాలకే పరిమితమవుతుంది.

విద్యుత్ బస్సులు ఈ బాధ్యతల పంపకాన్ని మరోసారి మార్చుతున్నాయి. 2019లో హైదరాబాద్‌లో 40 విద్యుత్ బస్సులు ప్రధానంగా విమానాశ్రయ రూట్లలో మొదలయ్యాయి. 2025లో పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద కేంద్రం నగరానికి 2 వేల బస్సులు కేటాయించింది. వీటిలో బస్సు, డ్రైవరు, మరమ్మతు ప్రైవేటు సంస్థవి; ఆర్టీసీ కిలోమీటరుకు ఇంత అని చెల్లించి రూటు, వేళలు తాను నిర్ణయిస్తుంది. డిపోలకు హైటెన్షన్ కరెంటు లైన్లు కావాలి, ఛార్జింగ్‌కు చోటు కావాలి, మధ్యాహ్నం రద్దీ తగ్గినప్పుడు బస్సులను ఛార్జింగ్‌కు లాగేలా షెడ్యూళ్లు తిరగరాయాలి.

కిలోమీటర్లకు మాత్రమే చెల్లించే ఒప్పందంలో, మూడు బస్సులు ఒకదాని వెనక ఒకటి తిరిగినా ఆపరేటరుకు రావాల్సిన డబ్బు వస్తుంది. స్టాపులో చేయెత్తినవారిని వదిలేసి పోయినా వస్తుంది. అందుకని ట్రిప్పు వేళకు బయల్దేరిందా, ముందు బస్సుకూ దీనికీ ఎడం ఎంత, ఆగాల్సిన స్టాపులన్నిటిలో ఆగిందా, రాత్రి చివరి ట్రిప్పు రద్దయితే కోత ఎంత అన్న షరతులు ఆ ఒప్పంద పత్రాల్లోనే రాసి ఉండాలి. ఆ వివరాలు నెలనెలా రూటువారీగా ప్రజలకు కనబడాలి. జీపీఎస్ ఉన్న బస్సుల విషయంలో ఇందుకు కొత్త యంత్రాలేవీ అక్కరలేదు. ఒప్పందాల కాలం పన్నెండేళ్ల దాకా ఉండే రివాజు కాబట్టి, సంతకాలకు ముందు చేర్చని షరతును తర్వాత చేర్చడం కష్టం.